జబ్బు మింగిన పని సంవత్సరాలు

అమెరికా ప్రతినిధుల సభలోని వేస్ అండ్ మీన్స్ కమిటీ, సెనేట్‌లోని ఫైనాన్స్ కమిటీ గౌరవ సభ్యులకు బహిరంగ లేఖ

తీవ్రమైన జబ్బుతో పని చేయలేని స్థితికి చేరిన వ్యక్తికి అమెరికా సమాఖ్య ప్రభుత్వం నెలనెలా భృతి చెల్లించే మార్గాలు ప్రధానంగా రెండు. రెండింటినీ నడిపేది సామాజిక భద్రతా సంస్థే. పెద్దల విషయంలో వైకల్యానికి రెండూ చెప్పే నిర్వచనం కూడా ఒకటే. అయినా వాటి పునాదులు వేరు. 1956లో అధ్యక్షుడు ఐసన్‌హోవర్ సంతకంతో చట్టమైన వైకల్య బీమా, జీతం మీద చందా కట్టినవారికి ఆ చందా వల్ల దక్కే హక్కు. 1972లో అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన చట్టంతో ఏర్పడి 1974 జనవరిలో అమలుకు వచ్చిన అనుబంధ భద్రతా ఆదాయం, అంటే వాడుకలో ఎస్‌ఎస్‌ఐ, ఏ చందాతోనూ సంబంధం లేకుండా కేవలం పేదరికాన్ని బట్టి ఇచ్చే సహాయం. మొదటిదానికి తగినంత పని చరిత్ర లేక, రెండోదానికి తగినంత పేదరికం లేక, రెండింటి నడుమ మిగిలిపోయే రోగుల స్థితిని రెండు కమిటీల ముందు ఉంచి, దాన్ని మార్చే అధికారం ఈ కమిటీల చేతిలోనే ఉందని గుర్తుచేయడం ఈ లేఖ ఉద్దేశం.

వైకల్య బీమా పని చరిత్రను క్రెడిట్లలో కొలుస్తుంది. 2025లో 1,810 డాలర్ల సంపాదనకు ఒక క్రెడిట్ లభించింది. ఏడాదికి నాలుగుకు మించి లభించవు కాబట్టి 7,240 డాలర్లు సంపాదించినవారికి ఆ ఏడాది పూర్తిగా లెక్కలో పడింది. ఈ మొత్తం పెద్దదేమీ కాదు. చిక్కు మరోచోట ఉంది. 31 ఏళ్లు దాటినవారు జీవితకాలంలో ఎంత పని చేశారన్నది ఒక పరీక్ష కాగా, ఎంత ఇటీవల చేశారన్నది మరొక పరీక్ష. జబ్బు పని మాన్పించిన నాటికి వెనుకటి పదేళ్లలో కనీసం ఐదేళ్ల పని, అంటే 20 క్రెడిట్లు, ఉండి తీరాలన్నది ఈ రెండో పరీక్ష. చూపు కోల్పోయినవారికి మాత్రమే ఇందులో మినహాయింపు ఉంది. దీని ఫలితంగా, పదిహేనేళ్లు ఏకబిగిన పని చేసి చందా కట్టిన మనిషి కూడా పని మానిన ఐదేళ్లకు బీమా రక్షణను పూర్తిగా కోల్పోతాడు. ఆ రక్షణ ముగిసే రోజును న్యాయవాదులు ‘డేట్ లాస్ట్ ఇన్సూర్డ్’ అంటారు. ఆ తేదీకి ఒక్కరోజు తర్వాత పని చేయలేని స్థితి మొదలైందని తేలితే, అంతకుముందు కట్టిన చందా వైకల్య బీమా విషయంలో ఎందుకూ కొరగాదు.

ప్రమాదంలో వెన్నెముక విరిగిన మనిషికి ఈ నియమం పెద్దగా అడ్డురాదు. నిన్నటిదాకా పని చేశాడు, ఇవాళ చేయలేడు, రెండింటి మధ్య గీత స్పష్టంగా ఉంటుంది. దీర్ఘవ్యాధులు అలా రావు. ల్యూపస్ అనే వ్యాధిలో శరీరపు రక్షణ వ్యవస్థ సొంత అవయవాల మీదే తిరగబడుతుంది. కీళ్లనొప్పితో, అలసటతో మొదలై, పేరు పెట్టి నిర్ధారించేసరికి కొన్ని సందర్భాల్లో ఏళ్లు గడుస్తాయి. నరాల మీది పొరను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ ఒక ఏడాది కాళ్లను, మరో ఏడాది చూపును తాకి, మధ్యలో నెలల తరబడి నిద్రాణంగా ఉండి మళ్లీ తిరగబెడుతుంది. ఇలాంటి రోగి ఒక్క రోజున పని మానేయడు. పూర్తికాలపు ఉద్యోగం సగం రోజు ఉద్యోగమవుతుంది, అది అప్పుడప్పుడు దొరికే పనిగా మారుతుంది, సెలవులు ఎక్కువైనందుకు ఆ పనీ పోతుంది, మరొకచోట చేరి రెండు నెలలకే వదిలేయాల్సి వస్తుంది. ఈ క్రమమంతా సంస్థ రికార్డులో తగ్గుతున్న సంపాదన రూపంలోనే కనిపిస్తుంది తప్ప దాని వెనుక ఉన్న జబ్బు కనిపించదు. చివరికి రోగి దరఖాస్తు పెట్టే నాటికి, ఏ జబ్బు కారణంగా భృతి అడుగుతున్నాడో ఆ జబ్బే అతని అర్హతను హరించి ఉంటుంది.

బీమా రక్షణ ముగియకముందే వైకల్యం మొదలైందని రుజువు చేస్తే, ఆ తేదీ గడిచిన తర్వాత కూడా దరఖాస్తు చేసుకోవచ్చునన్నది నిజమే. అయితే ఆ రుజువు ఆనాటి వైద్య రికార్డుల్లో దొరకాలి. ఉద్యోగం పోవడంతో ఉద్యోగం ద్వారా వచ్చే ఆరోగ్య బీమా కూడా పోయి, ఖర్చుకు భయపడి డాక్టరు దగ్గరికే వెళ్లని సంవత్సరాలకు రికార్డులు ఎక్కడినుంచి వస్తాయన్నది కమిటీలు తీరిగ్గా ఆలోచించవలసిన ప్రశ్న. మానసిక వ్యాధుల్లో ఈ ఇబ్బంది మరీ తీవ్రం, ఎందుకంటే స్కిజోఫ్రెనియా ఉన్నవారిలో చాలామంది తమకు జబ్బు ఉందనే ఒప్పుకోరు, వైద్యానికి వెళ్లరు.

పిన్నవయస్కుల కోసం చట్టం కొంత సడలింపు ఇచ్చింది. 24 ఏళ్లు నిండకముందే జబ్బుపడినవారికి అంతకుముందు మూడేళ్లలో 6 క్రెడిట్లు, అంటే ఏడాదిన్నర పని, సరిపోతుంది. 24 నుంచి 31 మధ్య వారికి 21వ ఏట నుంచి జబ్బుపడేదాకా గడిచిన కాలంలో సగం చాలు. 22 ఏళ్లలోపే వైకల్యం మొదలైనవారికి తల్లి లేదా తండ్రి పని రికార్డు మీద భృతి ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది, అయితే ఆ తల్లి లేదా తండ్రి అప్పటికి పదవీ విరమణ భృతి గానీ వైకల్య భృతి గానీ పొందుతూ ఉండాలి, లేదా మరణించి ఉండాలి. 1956లో 18గా ఉన్న ఈ వయోపరిమితిని 22కు పెంచింది 1972 నాటి చట్టమే. నేటి యువత చదువు ముగిసేసరికే 22 దాటుతున్నది. స్కిజోఫ్రెనియా, బైపోలార్ వంటి వ్యాధులు బయటపడేది తరచుగా సరిగ్గా ఆ వయసులోనే. 23వ ఏట ఆసుపత్రి పాలైన పీజీ విద్యార్థికి సొంత క్రెడిట్లూ ఉండవు, తల్లిదండ్రుల రికార్డూ పనికిరాదు. తల్లిదండ్రుల ఆరోగ్య బీమాలో 26 ఏళ్ల వరకు కొనసాగవచ్చునని 2010 నాటి ఆరోగ్య చట్టంలో కాంగ్రెస్సే ఒప్పుకున్నప్పుడు, ఈ పరిమితి 22 దగ్గర ఆగిపోవడానికి సబబైన కారణం కనిపించదు.

పని చరిత్ర కొరవడడానికి జబ్బు కాక మరో పెద్ద కారణం సంరక్షణ. పసిబిడ్డల కోసమో, మంచం పట్టిన అత్తమామల కోసమో, వైకల్యంతో పుట్టిన బిడ్డ కోసమో ఆరేడేళ్లు ఇంటిపట్టున ఉండిపోయేవారిలో అత్యధికులు స్త్రీలు. వారి శ్రమకు జీతం ఉండదు కాబట్టి చందా ఉండదు, చందా లేదు కాబట్టి క్రెడిట్లూ ఉండవు. జర్మనీ పింఛను వ్యవస్థ 1992 నుంచి పుట్టిన ఒక్కో బిడ్డకు మూడేళ్ల చొప్పున పెంపక కాలాన్ని చందా కట్టిన కాలంగానే పరిగణిస్తుంది. పొరుగున ఉన్న కెనడాలో వైకల్య పింఛనుకు కావలసిన చందా సంవత్సరాలను లెక్కించేటప్పుడు బిడ్డను పెంచిన కాలాన్ని మినహాయించే వీలుంది. అమెరికా చట్టానికి కూడా ఈ ఆలోచన పూర్తిగా కొత్తది కాదు: చిన్నవయసులో వైకల్యం పొందిన కార్మికుల భృతి మొత్తాన్ని లెక్కకట్టేటప్పుడు, మూడేళ్లలోపు బిడ్డను పెంచుతూ సంపాదన లేకుండా గడిపిన సంవత్సరాలను కొన్ని పరిమితులతో వదిలేయవచ్చునని 1980 సవరణ చెప్పింది. మొత్తాన్ని నిర్ణయించేటప్పుడు గుర్తించిన ఆ బిడ్డను అర్హతను నిర్ణయించేటప్పుడు గుర్తించకపోవడం చట్టం తన న్యాయాన్ని తానే సగంలో వదిలేయడం.

ఇక్కడ అమెరికాలోని తెలుగు కుటుంబాల ప్రస్తావన అవసరం. ఈ నియమాల బరువు వాటిలో ఒక వర్గం మీద ప్రత్యేకంగా పడుతున్నది. హెచ్‌1బీ వీసా మీద వచ్చిన ఉద్యోగి మొదటి జీతం నుంచే 6.2 శాతం సామాజిక భద్రతా పన్ను కడతాడు, యజమాని మరో 6.2 శాతం జతచేస్తాడు. ఆ మొత్తం 12.4 శాతంలో 1.8 శాతం వైకల్య బీమా నిధికి చేరుతుంది. అతనితో హెచ్‌4 వీసా మీద వచ్చిన జీవిత భాగస్వామికి, అంటే ఎక్కువ సందర్భాల్లో భార్యకు, పని చేసే హక్కు 2015 వరకు లేనేలేదు. ఆ ఏడాది మే నుంచి కూడా గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఒక దశ దాటిన ఉద్యోగుల భార్యాభర్తలకే ఆ అనుమతి దక్కుతున్నది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంజినీరుగానో అధ్యాపకురాలిగానో పని చేసి వచ్చిన స్త్రీ ఆ విధంగా పని చరిత్ర లేని మనిషిగా మిగులుతుంది. అలాంటి స్త్రీకి 38వ ఏట మూత్రపిండాలు పాడై డయాలసిస్ మొదలైందని ఊహిస్తే, ఆమెకు చట్టం ఇచ్చే సమాధానం వింతగా ఉంటుంది. శాశ్వత మూత్రపిండ వైఫల్యానికి సమాఖ్య ఆరోగ్య బీమా అయిన మెడికేర్ కింద వైద్యం ఇచ్చేటప్పుడు చట్టం భర్త క్రెడిట్లను ఆమెకు వర్తింపజేస్తుంది. బతుకు వెళ్లదీయడానికి భృతి అడిగినప్పుడు మాత్రం, భర్త జీవించి ఉండగా వైకల్యం పొందిన భార్యకు అతని రికార్డు మీద ఏ వైకల్య భృతీ లేదంటుంది. అతను మరణించిన తర్వాతనైనా, ఆమె 50 ఏళ్లు నిండిన వితంతువైతే తప్ప వైకల్యం కారణంగా వైధవ్య భృతి రాదు. జబ్బు అదే, వివాహం అదే, కట్టిన చందా అదే. ఒకచోట చెల్లిన క్రెడిట్లు మరోచోట చెల్లకపోవడానికి పాలనాపరమైన అడ్డంకి ఏదీ లేదు, శాసనపరమైన నిర్ణయం లేకపోవడమే అడ్డంకి.

జబ్బు ఎంత తీవ్రమైతే అర్హత అంత సులువవుతుందన్న నమ్మకం రోగుల కుటుంబాల్లో బలంగా ఉంది, దానివల్ల విలువైన నెలలు వృథా అవుతున్నాయి. 2008లో మొదలైన ‘కంపాషనేట్ అలవెన్సెస్’ పద్ధతి కింద, కొన్ని రకాల క్యాన్సర్లు, కండరాలను నడిపే నరాలను దెబ్బతీసే ఏఎల్‌ఎస్ వంటి దాదాపు 300 వ్యాధుల విషయంలో వైద్యపరమైన నిర్ణయాన్ని సంస్థ త్వరగా తీసుకుంటుంది. ఇది మెచ్చుకోదగిన సంస్కరణ. అయితే అది వేగం పెంచేది వైద్య నిర్ణయాన్నే. క్రెడిట్ల షరతును గానీ, ఎస్‌ఎస్‌ఐలోని ఆస్తి షరతును గానీ అది ఒక్క డాలరంత కూడా సడలించదు. నాలుగో దశ క్యాన్సర్ రోగికైనా 20 క్రెడిట్లకు బదులు 19 ఉంటే వైకల్య బీమా లేనట్టే.

అప్పుడు మిగిలేది ఎస్‌ఎస్‌ఐ. 2025లో దాని గరిష్ఠ సమాఖ్య భృతి ఒంటరి వ్యక్తికి నెలకు 967 డాలర్లు, దంపతులిద్దరూ అర్హులైతే ఇద్దరికీ కలిపి 1,450. కొన్ని రాష్ట్రాలు దీనికి కొంత జోడిస్తాయి. ఏడాదికి 11,604 డాలర్లయ్యే ఈ మొత్తం, అదే ఏడాది ఒంటరి వ్యక్తికి ప్రభుత్వమే ప్రకటించిన దారిద్ర్య ప్రమాణమైన 15,650 డాలర్లలో నాలుగింట మూడు వంతుల కంటే తక్కువ. దీన్ని పొందడానికి లెక్కలోకి వచ్చే ఆస్తి ఒక వ్యక్తికి 2,000 డాలర్లు, దంపతులకు 3,000 డాలర్లు దాటకూడదు. ఈ హద్దులు 1989 నుంచి కదల్లేదు. నెల ఆదాయంలో మినహాయించే 20 డాలర్లు, కష్టార్జితంలో మినహాయించే 65 డాలర్లయితే పథకం అమలైన 1974 నుంచీ అలాగే ఉన్నాయి. భృతి మాత్రం ఏటా ధరలతోపాటు పెరుగుతుంది. ధరల పెరుగుదలను ఒక అంకెకు వర్తింపజేసి పక్కనే ఉన్న అంకెకు వర్తింపజేయకపోవడంతో, ఏ కొత్త చట్టమూ చేయకుండానే అర్హత ఏటికేడు కుంచించుకుపోతున్నది.

రెండు వేల డాలర్లంటే అనేక నగరాల్లో ఒక నెల అద్దె. నివసించే ఇల్లు, ఒక కారు లెక్కలోకి రావన్నది నిజమే గానీ, అద్దె ఇంట్లో ఉండే రోగి పాత కారు మరమ్మతుకో పంటి వైద్యానికో దాచుకునే సొమ్ము లెక్కలోకి వస్తుంది. పరిమితి దాటిన నెలలో భృతి ఆగిపోతుంది. దాటిన సంగతి సంస్థ ఆలస్యంగా కనిపెడితే, అప్పటికే చెల్లించిన సొమ్మును తిరిగి కట్టమని నోటీసు వస్తుంది. వైకల్యం ఉన్నవారు లక్ష డాలర్ల వరకు ఈ లెక్కలోకి రాకుండా దాచుకోగల ఏబుల్ ఖాతాలు ఉన్నాయి. వైకల్యం 26 ఏళ్లలోపు మొదలై ఉండాలన్న ఆ ఖాతాల షరతును 2026 జనవరి నుంచి 46కు పెంచారు. 50 ఏళ్ల వయసులో జబ్బుపడిన స్త్రీకి ఆ వెసులుబాటూ లేదు. ఆస్తి పరిమితిని వ్యక్తికి 10,000, దంపతులకు 20,000 డాలర్లకు పెంచి, ధరలతోపాటు పెరిగేలా చేయాలని సెనేటర్లు షెరాడ్ బ్రౌన్, బిల్ కాసిడీ ఉభయ పార్టీల తరఫున 2023లో ప్రతిపాదించిన బిల్లు చట్టం కాలేకపోయింది. దాన్ని మళ్లీ చేపట్టి కమిటీ దశ దాటించడం ఈ లేఖ చేసే విన్నపాల్లో అత్యంత సులభమైనది.

కుటుంబాన్ని ఆదుకునే మాట అటుంచి, దాన్ని శిక్షించే నియమాలు కూడా ఈ పథకంలో ఉన్నాయి. జీవిత భాగస్వామి ఆదాయంలో కొంత భాగాన్ని రోగి ఆదాయంగానే భావించే ‘డీమింగ్’ అనే పద్ధతి వల్ల, భర్తకు ఓ మోస్తరు జీతం ఉన్న రోగికి ఎస్‌ఎస్‌ఐ రాదు. ఎస్‌ఎస్‌ఐ పొందుతున్న ఇద్దరు పెళ్లి చేసుకుంటే, 2025 లెక్కల ప్రకారం విడివిడిగా వచ్చే 1,934 డాలర్లు 1,450కి పడిపోతాయి. బంధువులు ఉచితంగా నీడ ఇస్తే భృతి మూడో వంతు దాకా తగ్గవచ్చు. వారు పెట్టే తిండిని కూడా ఆదాయంగా లెక్కించే పద్ధతిని 2024 సెప్టెంబరు 30 నుంచి తొలగించడం ఆలస్యంగానైనా జరిగిన మేలు. నివసించే ఇల్లు కాక మరే స్థిరాస్తి ఉన్నా, అమ్ముకోగల హక్కు ఉంటే అది ఏ దేశంలో ఉన్నా లెక్కలోకి వస్తుంది కాబట్టి, తండ్రి నుంచి సంక్రమించిన ఎకరం పొలం స్వగ్రామంలో ఉన్న తెలుగు అమెరికన్ పౌరుడికి అర్హత చేజారవచ్చు. వరుసగా 30 రోజులు దేశం వెలుపల ఉంటే భృతి ఆగుతుంది, తిరిగి వచ్చి 30 రోజులు గడిపితే తప్ప మళ్లీ మొదలుకాదు. చూసే దిక్కులేని రోగి రెండు నెలలు తల్లి దగ్గర ఉండి రావాలన్నా ఈ నియమాన్ని తలచుకుని ఆగవలసిందే.

పౌరసత్వం లేనివారి పరిస్థితి ఇంకా కఠినం. 1996 ఆగస్టు 22న చట్టమైన సంక్షేమ సంస్కరణ ప్రకారం, ఆ తేదీ తర్వాత వచ్చిన గ్రీన్‌కార్డుదారులకు సాధారణంగా మొదటి ఐదేళ్లు ఎస్‌ఎస్‌ఐ లేదు; ఆ తర్వాత కూడా 40 త్రైమాసికాల పని చూపాలి. ఆ లెక్కలో వివాహకాలంలో భర్త లేదా భార్య చేసిన పనిని, 18 ఏళ్లలోపు ఉండగా తల్లిదండ్రులు చేసిన పనిని కలుపుకోవచ్చు. పేదరికం ఆధారంగా ఇచ్చే సహాయంలోకి పదేళ్ల పని చరిత్ర ఈ విధంగా ప్రవేశించింది. ఇక భారతదేశంలో చేసిన పని ఏ లెక్కకూ రాదు. ఒక దేశంలో కట్టిన చందా కాలాన్ని మరో దేశపు అర్హతకు కలుపుకునే ‘టోటలైజేషన్’ ఒప్పందాలు అమెరికాకు జర్మనీ, ఫ్రాన్స్, కెనడా, ఆస్ట్రేలియా, జపాన్ సహా 30 దేశాలతో అమల్లో ఉన్నాయి. ఈ ఐదు దేశాలతోనూ భారత్‌కు సామాజిక భద్రతా ఒప్పందాలు ఉన్నాయి. భారత్, అమెరికాల మధ్య మాత్రం ఏళ్ల తరబడి మాటలే నడిచాయి తప్ప ఒప్పందం కుదరలేదు. ఆ ఒప్పందం కుదిరితే, అమెరికాలో కనీసం 6 క్రెడిట్లు ఉన్న వ్యక్తి స్వదేశంలో చందా కట్టిన సంవత్సరాలను కలుపుకుని వైకల్య బీమాకు కూడా అర్హత పొందగలుగుతాడు.

వైద్య పరీక్ష గురించి క్లుప్తంగా చెప్పినా చాలు. జబ్బు కనీసం 12 నెలలు కొనసాగేది లేదా మరణానికి దారితీసేది అయి ఉండాలి, పాత పనే కాక దేశ ఆర్థిక వ్యవస్థలో గణనీయంగా ఉన్న మరే పనీ చేయలేని స్థితి ఉండాలి. పాక్షిక వైకల్యానికి ఇక్కడ చోటు లేదు. మరే పని అన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి సంస్థ ప్రధానంగా ఆధారపడుతూ వచ్చిన వృత్తుల నిఘంటువు చివరిసారి సవరించబడింది 1991లో. వెనుకటి 15 ఏళ్ల పనులను తవ్వే పద్ధతిని 2024 జూన్‌లో ఐదేళ్లకు కుదించడం మంచి మార్పే. ఆ నిఘంటువు స్థానంలో నేటి పనులను వర్ణించే ఆధారాన్ని తీసుకురావడం ఇంకా మిగిలే ఉంది.

అర్హత తేలినవారికి కూడా వైకల్య బీమాలో మొదటి ఐదు నెలలకు భృతి లేదు, భృతికి అర్హత మొదలైన 24 నెలల వరకు మెడికేర్ లేదు. ఏఎల్‌ఎస్ రోగులకు మెడికేర్ నిరీక్షణను 2001 నుంచీ, ఐదు నెలల నిరీక్షణను 2020 డిసెంబరు నాటి చట్టంతోను కాంగ్రెస్ తొలగించింది. వ్యాపించిన క్యాన్సర్‌తో నెలలు లెక్కబెట్టుకునే రోగికి అదే న్యాయం ఎందుకు వర్తించదో చట్టంలో ఎక్కడా సమాధానం లేదు.

వైకల్య బీమా దానం కాదు, బీమా. చందా కట్టనివారికి ఇవ్వడం కట్టినవారికి అన్యాయమన్న వాదాన్ని తేలిగ్గా తీసివేయలేము. నిధికి హద్దులున్నాయన్నదీ కాదనలేనిది. అయితే వితంతువులకు, 22 ఏళ్లలోపు వైకల్యం పొందినవారికి, డయాలసిస్ రోగులకు ఇతరుల చందా మీద రక్షణ కల్పించిన చట్టం, కుటుంబాన్ని ఒక బీమా యూనిట్‌గా ఎప్పుడో అంగీకరించింది. ఆ అంగీకారాన్ని సంరక్షణలో గడిపిన సంవత్సరాలకు, వైకల్యం పొందిన భార్యాభర్తలకు విస్తరింపజేయడం దాని తర్కానికి కొనసాగింపే. జబ్బు వల్ల సంపాదన క్షీణించిన కాలం విషయంలో, నిర్ధారణకు ముందు గడిచిన సంవత్సరాలను వైద్యుల వాంగ్మూలం ఆధారంగా పదేళ్ల కొలత నుంచి మినహాయించే అధికారాన్ని సంస్థకు ఇవ్వవచ్చు. అప్పుడు ఆ కొలత వెనక్కి జరిగి, రోగి నిజంగా పని చేయగలిగిన పదేళ్లను చూస్తుంది.

ఇవన్నీ చర్చకు, ఖర్చు అంచనాలకు కాలం తీసుకునే మార్పులు కాబట్టి, ఆలోగా నిధి మీద పెద్దగా భారం పడని ఒక పనిని కమిటీలు చేపట్టవచ్చు. ఎవరి సంపాదన వరుసగా రెండేళ్లు నమోదు కాలేదో వారికి, వైకల్య బీమా రక్షణ ఏ తేదీతో ముగుస్తుందో, అప్పటికే జబ్బుతో ఉంటే ఏ వైద్య రికార్డులు భద్రపరచుకోవాలో, తిరస్కరణ వస్తే 60 రోజుల్లో ఎక్కడ అప్పీలు చేసుకోవాలో తెలిపే నోటీసును, ఆ తేదీకి కనీసం ఏడాది ముందు, తెలుగుతో సహా వారికి అర్థమయ్యే భాషలో పంపవలసిందిగా సామాజిక భద్రతా సంస్థను చట్టపూర్వకంగా ఆదేశించాలని రెండు కమిటీలకూ విన్నపం.